ఏమీ రాని తోట

"నీ నోట్లకెళ్ళి ఒక్క సచ్ మాట ఊడిపడితే నీ బర్రెలు ఒట్టిపోతుండెనా?" అని అడిగింది ఆపా.

"మరి నువ్వేం చెప్పినవ్? నువ్వు గూడ ఏం లేదనే చెప్పినవ్ గదా. నీ నోరు నేను పట్టుకున్ననా?" అన్నాను.

"పట్టుకున్నవ్. నేను చెప్తనంటే కొంగు వట్టి గుంజి, చుప్, చెప్పకు ఆపా, పన్ను ఏస్తరు అన్నదెవరు? నువ్వా, ఇంకెవరన్ననా?"

"నీ మంచికే అన్న."

"నా మంచి రేపు సడక్ మీద ఉంటది, దూద్‌వాలీ. వచ్చి చూసి పో."

నేను ఆమెను అక్క వరసలో ఆపా అనేదాన్ని, నన్ను ఆమె ఎప్పుడూ చెల్లెలి వరసలో బహెన్ అనే పిలిచేది. దూద్‌వాలీ అని, పాలదాన్ని పిలిచినట్టు పిలవడం అదే మొదటిసారి. తోట గేటు దగ్గర సాయంత్రం పూట ఈ లొల్లి జరుగుతుంటే గల్లీలో సగం మంది నిలబడి వింటున్నారు. గేటుకు అంటించిన కాగితం ఇంకా తడిగానే ఉంది. మా ఇంటాయన బస్సుల వర్క్‌షాపు నుంచి డ్యూటీ దిగి వస్తూ దాన్ని అందరికీ చదివి వినిపించాడు. చెట్లు వేలం అయిపోయాయి, రేపటి నుంచి నరుకుతారు, జాగాను ప్లాట్లు చేస్తారు, గేటు పక్క గదిలో ఉన్నవాళ్ళు ఖాళీ చేయాలి. ఇదంతా ఎందుకయ్యా అంటే, "ఈ తోట వలన స్థానిక ప్రజలకు ప్రయోజనం ఏదీ లేదని విచారణలో తేలినందున" అని రాసి ఉంది. ఆ వాక్యం ఆయన రెండుసార్లు చదివాడు. రెండోసారి చదివేటప్పుడు నా వైపు చూశాడు.

ఆ విచారణలో మొదటి సంతకం నాదే.

ఇదంతా డెబ్బైల చివర్లో మాట. నాకు అప్పుడు ముప్పై ఎనిమిదేళ్ళు. శాలిబండ దాటి లోపలికి వచ్చాక మా గల్లీ. గల్లీ చివర నవాబుల కాలం నాటి పెద్ద బంగళా, ఒక పాత దేవిడీ ఉండేది. దాని మిద్దెలు నేను కాపురానికి వచ్చేటప్పటికే కూలిపోయి, వెనక తోట మాత్రం మిగిలింది. వారసులు ఎవరికి వాళ్ళు కోర్టుల చుట్టూ తిరిగి తిరిగి పోయారు. ఆఖరికి జాగా సర్కారు చేతిలోకి వచ్చిందన్నారు. ఎవరి చేతిలో ఉంటే మాకేం, గేటుకు తాళం లేదు. లోపల చింతచెట్లు, వేపలు, నేరేళ్ళు, గోడ వెంబడి సీతాఫలం, మూలకు నాలుగు ఈతచెట్లు. ఒక బావి. చెట్ల నడుమ జాగా అంతా గడ్డి.

ఆపా పెనిమిటి ఆ తోటకు మాలీ. ఆయన పోయినా ఆమెను గేటు పక్క గదిలోంచి పొమ్మన్నవారు లేరు. ఎండలు మొదలు కాగానే చింతచిగురు కోసి గంపలో పెట్టుకుని గల్లీలు తిరిగేది. వానలు పడ్డాక నేరేడుపళ్ళు, తర్వాత సీతాఫలాలు, ఏమీ లేని రోజుల్లో వేప పుల్లలు కట్టలు కట్టి అమ్మేది. ఆమె అన్నం ఆ తోటే. జల్‌పల్లిలో ఒక కూతురు ఉంది గాని, అల్లుడి గుమ్మంలో పడి ఉండడానికి ఆపా ఎప్పుడూ ఒప్పుకోలేదు.

మాకు మూడు బర్రెలు. మా ఆయన జీతం కిరాయికి, రేషన్‌కు, పిల్లల ఫీజులకు సరిపోయేది. మిగిలినదంతా బర్రెల మీదే. ఉస్మాన్‌గంజ్ నుంచి చెక్క, తవుడు తెచ్చేదాన్ని. గడ్డి కొనేదాన్ని కాదు. పొద్దున ఒక మోపు, సాయంత్రం ఒక మోపు తోటలో కోసుకొచ్చేదాన్ని. పొయ్యిలోకి ఎండు పుల్లలు అక్కడివే. చీపురు ఈతాకుతో నేనే కట్టేదాన్ని. పిడకలు తోట గోడకే కొట్టేదాన్ని. పళ్ళపొడి మా ఇంట్లో ఎవరూ ఎరగరు. పైసా పెట్టకుండా వచ్చేదాన్ని పైసా పెట్టి కొన్నవాళ్ళంటే నాకు మర్యాద ఉండేది కాదు. ఇప్పటికీ లేదు.

ఇంత వచ్చేది కదా, మరి ఎందుకు రాదన్నావు అని అడిగితే, పాడి ఉన్న ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి.

మా ఇళ్ళలో పాడి లెక్క నోటితో చెప్పం. బర్రె ఎన్ని పాలిస్తుందని ఎవరన్నా అడిగితే "దూడకు సరిపోతయ్" అనాలి. అంతకు మించి ఒక్క మాట అనకూడదు. అంటే దిష్టి తగిలి పొదుగు గట్టిపడుతుందని మా అత్త చెప్పేది. నేను కొత్తగా వచ్చినప్పుడు పక్కింటామె అడిగితే నాలుగు సేర్లని నిజం చెప్పేశాను. ఆ పూట మా అత్త నాకు అన్నం పెట్టలేదు. మర్నాడు బర్రె తన్నింది. ఎందుకు తన్నిందో ఎవరికి ఎరుక, కాని ఆ తర్వాత నేను లెక్క చెప్పలేదు. ఇక రిజిస్టరు పట్టుకుని వచ్చినవాళ్ళ ముందు ఆ పద్ధతికి పదింతలు. పశువుల లెక్క రాసుకుంటామని ఒకసారి ఎవరో వస్తే మా అత్తే ముసలితనంలో మరిచిపోయి మూడని చెప్పింది. ఆ ఏడాదే తలకింత పన్ను కట్టమని చీటీ వచ్చింది. అప్పటి నుంచి మూడు బర్రెలు ఒకటయ్యాయి. మిగతా రెండు చుట్టాలవి.

నేను చదివింది మూడో తరగతి. కాని మా గల్లీలో ఆడవాళ్ళలో సంతకం చేసేది నేనొక్కదాన్నే. కాబట్టి ఏ కాగితం వచ్చినా నా గుమ్మం దగ్గరికే తెచ్చేవారు. నేను ఏం చెబితే గల్లీ అదే చెప్పేది. ఆ మాట గొప్పకు చెప్పడం లేదు.

నోటీసుకు నాలుగైదు నెలల ముందు, చిగురు కాలంలో ఒక సారు వచ్చాడు. చిన్న వయసు, చెప్పుల నిండా దుమ్ము. వెంట ఇద్దరు మనుషులు. వాళ్ళు చెట్ల మొదళ్ళకు టేపు చుట్టి కొలిచి, ఎర్ర రంగుతో నంబర్లు వేస్తున్నారు. సారు మాత్రం ఇల్లిల్లూ తిరిగి అడుగుతున్నాడు. మా ఇంటికి వస్తే మంచినీళ్ళు ఇచ్చాను. టీ ఇవ్వలేదు. టీ ఇస్తే మళ్ళీ వస్తారు.

అతను నిజం దాచలేదు. ఇదే నన్ను ఇప్పటికీ తినేస్తుంది. అన్నీ విడమరిచి చెప్పాడు.

"ఈ జాగ మీద రెండు మాటలు నడుస్తున్నయమ్మా. తోట తోటలెక్కనే ఉంచుడా, ప్లాట్లు జేసి అమ్ముడా అని. ఉంచాలంటే దీనితోని ఎంత ఫాయిదా ఉన్నదో లెక్క చూపియ్యాలె. కట్టె ధర నాకు టేపుతోని తెలుస్తది. మిగిలింది మీరు చెప్తేనే తెలుస్తది."

నేను విన్నాను. ప్రతి మాటా అర్థమైంది. అర్థమయ్యే కొద్దీ నాకు అనుమానం పెరిగింది. ఫాయిదా ఎంతో చెప్పమని సర్కారు మనిషి అడుగుతున్నాడంటే, అందులో వాటా అడగడానికి కాక ఇంకెందుకు? మంచిగా మాట్లాడేవాడితోనే ఎక్కువ జాగ్రత్త అనుకున్నాను.

"మాకేం రాదు సారు. ఒట్టి ముండ్లు, పాములు" అన్నాను.

బర్రెలకు గడ్డి ఎక్కడిదని అడిగాడు. బజారులో కొంటామన్నాను. గుమ్మం పక్కనే అప్పుడే కోసుకొచ్చిన మోపు ఉంది, నీళ్ళు కారుతోంది. అతను దాన్ని చూశాడు, నన్ను చూశాడు, నేను చెప్పిందే రాసుకున్నాడు. ఎండాకాలం చెట్ల కింద కూర్చోరా అని అడిగాడు. మాకు కూర్చునే తీరిక ఎక్కడిదన్నాను. ఆ తర్వాత అడిగిన మాటకు నాకు నవ్వొచ్చింది. ఈ తోట లేకుండా పోతే మీ ఇంటికి నెలకు ఎంత ఖర్చు పెరుగుతుందమ్మా అన్నాడు. చెట్టు నీడకు ధర కట్టమంటే ఎంత కడతావని కూడా అడిగాడు. నీడకు ధరేంది, నీకేమన్నా పిచ్చా అని మనసులో అనుకుని, ఒక్క పైస గూడ పెరగదని పైకి చెప్పాను.

అప్పుడే ఆపా గంప నెత్తిన పెట్టుకుని వచ్చింది. సారు ఆమెను కూడా అడిగాడు. ఆమె గంప దించి, "బేటా, నా రోటీ" అని మొదలుపెట్టింది. నేను వెనక నుంచి ఆమె కొంగు పట్టి గుంజాను. చెవిలో చెప్పాను. ఆమె నా ముఖం చూసింది. ఈమె చదువుకున్న మనిషి, ఈమెకు తెలుసు అన్నట్టు చూసింది. గంపలో చిగురు పచ్చగా కనబడుతూనే ఉంది. దాని మీద కొంగు కప్పి, "కుఛ్ నహీ బేటా. ఏం లేదు. ఊకెనే ఉంటున్న" అన్నది.

సారు పెన్ను ఆపాడు. "అమ్మా, ఇంకోసారి ఆలోచన చేసుకోన్రి. గిట్ల రాస్తే నాకు గూడ దారి ఉండదు" అన్నాడు. అదొక బెదిరింపు అనుకున్నాను. కాగితం లాక్కుని, చూరు కింద కూర్చుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ సంతకం చేశాను. నా సంతకం చూసి మిగతావాళ్ళు దాని కింద వేలిముద్రలు వేశారు. ఆపా వేలు నేనే పట్టుకుని సిరాలో అద్దాను.

ఇప్పుడు నా మనవరాలు నెలకోసారి పిల్లలను తీసుకుని పార్కుకు పోతుంది. గేటు దగ్గర టికెట్టు కొంటుంది, బండి పెట్టినందుకు వేరే. చెట్ల కింద గంటసేపు కూర్చుని వస్తుంది. నన్నూ రమ్మంటుంది. నేను పోను. టికెట్టు దండగ అంటాను. ఆ పిల్ల నా పిసినారితనం మీద నవ్వుకుంటుంది.

ఆ సాయంత్రం లొల్లి అయ్యాక నేను ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాను. సారు అడిగిన లెక్క అప్పుడు వేశాను. రెండు మోపుల గడ్డి బజారులో ఎంత, నెలకు ఎంత. పుల్లలు ఎంత. చీపుర్లు, చింతపండు, బర్రెలను కడిగే బావి నీళ్ళు. వేళ్ళ మీద లెక్క పెట్టుకుంటూ పోతే మా ఆయన జీతంలో సగం దాటింది. మళ్ళీ మొదటి నుంచి వేశాను. అంతే వచ్చింది. గడ్డి కొంటే పాల మీద మిగిలేది ఏమీ లేదు. బర్రెలు మా ఇంట్లో ఉండవు.

తర్వాత మా రెండో పిల్ల గుర్తొచ్చింది. దానికి పుట్టినప్పటి నుంచి ఆయాసం. మా ఇంటి మీద రేకులు. ఎండాకాలం మధ్యాహ్నాలు ఆ పిల్ల లోపల ఉండలేకపోయేది, పెదాలు నీలంగా అయ్యేవి. చాప పట్టుకుని వేపచెట్టు కిందికి తీసుకుపోయేదాన్ని. సాయంత్రం దాకా అక్కడే పడుకోబెట్టి నేను గడ్డి కోసుకునేదాన్ని. నాలుగు ఎండాకాలాలు అట్లా గడిచాయి. చెట్ల కింద కూర్చోరా అని సారు అడిగితే తీరిక లేదన్న నోరు నాదే. దానికి ఎంత అని వేయాలో తెలియక లెక్క అక్కడ ఆపేశాను.

మర్నాడు పొద్దున్నే ఆఫీసుకు పోయి అబద్ధం చెప్పామని ఒప్పుకోవాలనుకుని అరుగు మీంచి లేచాను. ఒక్కదాన్ని పోతే ఎవరు వింటారు, పదిమంది రావాలి. ఇంకా వెలుగుంది. ఇల్లిల్లూ తిరిగాను.

గేటు పక్క చింతచెట్టు కింద బల్ల వేసుకుని బట్టలు ఇస్త్రీ చేసే అతను ఉన్నాడు. అతని దుకాణమే ఆ నీడ. విని తల అడ్డంగా ఊపాడు.

"అక్కా, నువ్వే చెప్పినవ్ గదా, రిజిస్టర్ వట్టుకొచ్చినోని ముందట లేదనే అనాలె అని. ఇప్పుడు ఉన్నదంటే ఇన్నేండ్ల కిరాయి కట్టమంటరు. ఏడ తెచ్చి కడత?"

కట్టమనరని చెప్పాను. ఎందుకు అనరో చెప్పలేకపోయాను. ఏ మాటలతో వాళ్ళను భయపెట్టానో ఆ మాటలే నాకు ఎదురొచ్చాయి.

రెండో ఇంట్లో మొగుడూ పెళ్ళాం తలుపు దగ్గరే నిలబెట్టి, మాకెందుకమ్మా ఫికర్ అన్నారు. మూడో ఇంట్లో నా దగ్గర పాలు పోయించుకునే ఆమె, చేటలో బియ్యం ఏరుతూ తల ఎత్తకుండానే, "పాలల్ల నీళ్ళు గూడ లెక్కతోని పోసేదానివి, గిప్పుడు ఎట్ల తప్పినవ్?" అన్నది. లోపల ఆడపిల్లలు నవ్వారు. నేను ఏనాడూ పాలల్లో నీళ్ళు కలపలేదు. పక్క ఇంటి తలుపు కొట్టాను. అట్లా పదకొండు ఇళ్ళు తిరిగాను. మిగతావాళ్ళు రామని అనలేదు, చూద్దాం అన్నారు. చూద్దాం అంటే ఏమిటో నాకు తెలుసు. బాకీ అడిగినప్పుడు నేను చెప్పే మాట అదే.

చివరకు ఆపా గది దగ్గరికి పోయాను. లోపల గిన్నెలు సర్దుతున్న చప్పుడు. తలుపు తీసే ఉంది. నేను గడప బయటే నిలబడి, పొద్దున ఆఫీసుకు పోతున్నానని, ఆమె కూడా వచ్చి చింతచిగురు సంగతి చెబితే ఆ గదన్నా మిగులుతుందేమో అని చెప్పాను. ఆమె వెనక్కి తిరగలేదు.

"నాకేం చెప్పకు. నువ్వు చెప్పింది ఒకసారి విన్న" అన్నది.

తిట్టినా బాగుండేది. గడప దగ్గర్నుంచే వచ్చేశాను.

ఇంటికి వచ్చేసరికి మా ఆయన తెల్లచొక్కా ఉతికి దండెం మీద ఆరేస్తున్నాడు. తన బట్టలు తాను ఉతుక్కోవడం నేను ఎన్నడూ చూడలేదు.

"రేపు సెలవు పెడ్తనే. ఇద్దరం పోదాం. ఆఫీస్ తెరవంగనే పోదాం" అన్నాడు.

ఒక్క రోజు సెలవు పెడితే ఆ రోజు జీతం కోసేవాళ్ళు. జ్వరంతో పడి ఉన్నా నేను ఆయనను పంపేదాన్ని. ఆ రోజు మాత్రం సరే అన్నాను. నరికేది రేపని రాశారు గాని, సర్కారు పని ఏనాడన్నా చెప్పిన రోజున మొదలైందా, నాలుగు రోజులన్నా పడుతుంది అన్నాడు ఆయన. నేను కూడా అదే నమ్మాను. సర్కారు మాట ఒక్కసారి కూడా నమ్మనిదాన్ని, వాళ్ళ బద్ధకాన్ని మాత్రం నమ్మాను.

ఆఫీసు పదిన్నరకు తెరుస్తారు. పొద్దున ఆరు గంటలకే లారీ వచ్చింది.

ఎనిమిది మంది దిగారు. లారీ లోపలికి రావడానికి అడ్డంగా ఉందని గేటు పక్క చింతచెట్టును మొదట పట్టుకున్నారు. ఇద్దరు ఎక్కి కొమ్మలకు మోకులు కట్టారు, ఇద్దరు మొదలుకు రంపం పెట్టారు. నేను పాలు పిండుతున్న చెంబు అట్లాగే వదిలి పోయాను. మేస్త్రీ దగ్గరికి పోయి, ఆఫీసు తెరిచేదాకా ఆగమన్నాను. ఈ తోటలో ఏమీ రాదని చెప్పింది నేనే, అది అబద్ధం, మస్తు వస్తుంది, లెక్క కూడా చెబుతానన్నాను. అతను మర్యాదస్తుడు. బీడీ పక్కన పెట్టి చివరి దాకా విన్నాడు.

"మేం కట్టె కొన్నమమ్మా. పైసలు కట్టినం. జాగ సంగతి, గడ్డి సంగతి మాకు తెల్వది" అన్నాడు.

ఇస్త్రీ అతను వచ్చి తన బల్లను గోడ పక్కకు జరుపుకున్నాడు. గల్లీవాళ్ళు కొందరు వచ్చి నిలబడ్డారు. కాసేపటికి ఆపా ఒక ట్రంకు, రెండు మూటలు రిక్షాలో పెట్టించుకుంది. సాయం చేద్దామని మూట పట్టుకోబోతే దాన్ని నా చేతుల్లోంచి తీసుకుని తనే పెట్టుకుంది. జల్‌పల్లి అంత దూరం రానని రిక్షా అతను అంటుంటే, సగం దాకా తీసుకుపో, మిగతాది నడుస్తనని చెప్పింది. రిక్షా గల్లీ మలుపు తిరిగేదాకా చూశాను.

ఎనిమిది గంటలకు చెట్టు పడింది. మా ఆయన తెల్లచొక్కా వేసుకుని గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. పోదామా అని అడిగాడు. పోయి ఏం చెప్పాలన్నాను. ఆయన ఇంటికి పోయి, చొక్కా విప్పి, ఖాకీ వేసుకుని డ్యూటీకి పోయాడు. ఆలస్యమైనందుకు సగం రోజు కోశారు.

నేను కొడవలి తీసుకుని తోటలోకి పోయాను. చెట్లు పడితే గడ్డి వాటి కింద పడి పాడైపోతుంది. వాళ్ళు నరకని వైపు నుంచి మొదలుపెట్టి, ఎండ ఎక్కేదాకా కోశాను. ఐదు మోపులయ్యాయి.